'9999 ఇన్ 1' కేసెట్‌లో నిజంగా అన్ని గేములు ఉండేవా?

ఉండేవి కావు. తొంభైల్లో మన ఇళ్లల్లో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియోగేముల్లో చాలావరకు, నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే గేమ్ మెషీన్‌కి నకళ్లే. వాటిలో పెట్టే గేమ్ కేసెట్ మీద ఎంత పెద్ద అంకె వేసినా లోపల ఉండే అసలు గేములు కొన్నే.

లెక్క వేసి చూడండి. సూపర్ మారియో ఒక్కటే 40 కిలోబైట్లు. అలాంటివి 9999 పట్టాలంటే దాదాపు 400 మెగాబైట్ల చిప్ కావాలి. తొంభైల మొదట్లో మామూలు కంప్యూటర్ హార్డ్‌డిస్క్ కూడా అంత ఉండేది కాదు.

మరి మెనూలో పేజీలకు పేజీలు పేర్లెక్కడివి? మనం ఒక పేరు ఎంచుకోగానే, గేమ్ మొదలయ్యే ముందు మెమరీలో ఒకటి రెండు విలువలు మారిపోయేవి. ఒకచోట మారియో మూడో వరల్డ్ నుంచి మొదలవుతాడు, ఇంకోచోట కాంట్రా అనే గేమ్‌లో 30 లైఫులు వస్తాయి. గేమ్ అదే, పేరే వేరు. (కాంట్రా 30 లైఫులు మాత్రం నకలువాళ్ల సృష్టి కాదు. అమెరికాలో అమ్మిన అసలు గేమ్‌లోనే టైటిల్ దగ్గర పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ, తర్వాత స్టార్ట్ బటన్లు నొక్కితే వచ్చేవి.)

అయినా దీన్ని ఉత్త మోసమని నేను కొట్టిపారేయను. మొదటి లెవెల్ దాటలేని పిల్లలు కూడా చివరి లెవెళ్లు చూడగలిగారంటే ఈ మార్పుల వల్లే.

మీ దగ్గర ఇంకా పాత కేసెట్ ఉంటే నోటితో ఊదకండి, ఆ తడికి పిన్నులు పాడవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో మెల్లగా తుడిచి, ఆరాక పెట్టండి.