ట్యాంకుల దగ్గరే ఆగిపోకండి

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. దగ్గర్లో ఉన్న హిస్టరీ మ్యూజియం వాళ్లు వచ్చే నెల రెండో ప్రపంచ యుద్ధం మీద వీకెండ్ ప్రోగ్రామ్స్ పెడుతున్నారు. రేషన్ రోజుల వంట, సైనికుల ఉత్తరాలు చదవడం, ఆఖర్న ఒక మాజీ సైనికుడితో మాటామంతీ. మా బాబుకి 12 ఏళ్లు, ట్యాంకులూ తుపాకులూ తప్ప వాడికేం పట్టవు. మా ఆవిడేమో పిల్లాడికి యుద్ధం గొప్పదని నేర్పించడం ఎందుకు అంటోంది. తీసుకెళ్లొచ్చా? ఆ పెద్దాయన్ని ఏం అడగొచ్చు, ఏం అడక్కూడదు?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. మీ ఆవిడ భయంలో న్యాయం ఉందండీ, ఒట్టి ఆయుధాలు చూసి బయటికొచ్చేస్తే పిల్లాడి బుర్రలో మిగిలేది ఆ ట్యాంకు ఎంత పెద్దది, ఎంత దూరం కాలుస్తుంది అన్నదే. కానీ మీరు రాసిన లిస్టులో వంట ఉంది, ఉత్తరాలున్నాయి, అసలు విషయం అక్కడే ఉంటుంది.

లండన్‌లో చర్చిల్ వార్ రూమ్స్ అని ఉంది, బ్రిటన్ వాళ్లు యుద్ధం నడిపించిన నేలమాళిగ, 1984లో జనం చూడ్డానికి తెరిచారు. అక్కడి మ్యాప్ రూమ్‌లో పనిచేసిన ఒక ఎయిర్ ఫోర్స్ ఆఫీసర్ డెస్కు సొరుగులో ఒక కవరు దొరికింది, అందులో మూడు చక్కెర బిళ్లలు, ఆయన తన రేషన్ వాటాలోంచి దాచుకున్నవి. గోడ మీద పటాల నిండా ఓడలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టడానికి గుచ్చిన గుండుసూదుల బెజ్జాలు, ఈ పక్కన సొరుగులో ఇవి. నాకైతే ఆ పటాల కంటే ఈ మూడు బిళ్లలే యుద్ధం అంటే ఏంటో ఎక్కువ చెప్పాయనిపిస్తుంది. బ్రిటన్‌లో 1940 జనవరి 8న చక్కెర, వెన్న, బేకన్‌తో మొదలైన రేషన్, 1945లో యుద్ధం ఐపోయినా పోలేదు, మాంసం మీద ఆంక్ష ఎత్తేసేసరికి 1954 జులై వచ్చింది. చక్కెర చాలాకాలం మనిషికి వారానికి 8 ఔన్సులే, అంటే దాదాపు 225 గ్రాములు. ప్రోగ్రామ్‌కి వారం ముందు మీ బాబు చేతే అంత చక్కెర ఒక గిన్నెలోకి కొలిపించి, నీకు ఈ వారమంతా ఇంతే అని చెప్పి చూడండి, గిన్నె ఏ రోజుకి ఖాళీ ఐతే ఆ రోజు వాడే ప్రశ్నలు మొదలుపెడతాడు.

ఇక ఉత్తరాల సంగతి. అప్పట్లో అమెరికా వాళ్లు వీ-మెయిల్ అని 1942 జూన్‌లో మొదలుపెట్టారు, ఉత్తరాన్ని ఫొటో తీసి చిన్న ఫిల్ము మీదకెక్కించి, అవతలి దేశంలో మళ్లీ ప్రింటు తీసి ఇచ్చేవాళ్లు, 37 సంచులయ్యే లక్షన్నర ఉత్తరాలు ఒక్క సంచీలో పట్టేసేవి. ఐనా సరే యూరప్‌లో ఉత్తరాలు గుట్టలు గుట్టలుగా పేరుకుపోయాయి. 1945 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కి అమెరికా సైన్యంలో ఉత్తరాల పని చూసే 6888వ పోస్టల్ బెటాలియన్ దిగింది, 855 మంది మహిళలు, దాదాపు అందరూ నల్లజాతి వాళ్లు. చీకటి గోడౌన్లు, కిటికీలకి నల్లరంగు, ఇంటినించి పంపిన కేకుల పార్సిళ్లని ఎలకలు కొరికేసిన వాసన. ఒక్క రాబర్ట్ స్మిత్ అన్న పేరుతోనే 7,500 మంది సైనికులుంటే సర్వీస్ నంబర్ చూసి ఏ ఉత్తరం ఎవరిదో తేల్చేవాళ్లు. ఆరు నెలలు గడువిస్తే మూడు నెలల్లో ఊడ్చేశారు! వీళ్లకి అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) తరఫున గోల్డ్ మెడల్ ఇవ్వాలని చట్టం చేసింది మాత్రం 2022లో, అప్పటికి వాళ్లలో చాలామంది లేరు. తుపాకీ పట్టకుండా చేసిన ఈ పని కూడా సైన్యంలో సేవేనని మీ బాబుకి తప్పకుండా చెప్పండి.

పెద్దాయన్ని మాత్రం ఎంతమందిని చంపారు అని అడగనివ్వొద్దు, పిల్లలు మనసులో ఏం లేకుండానే అడిగేస్తారు, కాబట్టి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి. చిన్నచిన్నవి అడగమనండి: క్యాంపులో మొదటి రాత్రి నిద్ర పట్టిందా, ఏం తినేవాళ్లు, జేబులో ఏం పెట్టుకునేవాళ్లు, ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఏం చేశారు. 1945లో 18 ఏళ్లున్న కుర్రాడికి ఇప్పుడు నూరేళ్లు దగ్గర పడుతున్నాయి కదా, కాబట్టి వచ్చేది ఆ యుద్ధం వాళ్లే కాకపోవచ్చు, వియత్నాంలోనో ఇరాక్‌లోనో చేసినవాళ్లు కావచ్చు, ఐనా ఇవే ప్రశ్నలు పనికొస్తాయి. మధ్యలో ఆయన మాట ఆగిపోతే ఆగనివ్వండి, మనం ఏదో ఒకటి అనేసి ఆ ఖాళీ నింపొద్దు.

మీ వీధిలోనే మాజీ సైనికులెవరైనా ఉంటే, ఆయన ఒప్పుకుంటే మీరే రికార్డు చేయొచ్చు కూడా. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు 2000 నుంచి ఉంది, మామూలు జనం తీసిన ఇంటర్వ్యూలు తీసుకుంటారు, కనీసం 30 నిమిషాలుండాలి.

అన్నట్టు, ఆ రోజు కాస్త ముందే వెళ్లి మొదటి వరసలో కూర్చోండి. పెద్దవయసు వాళ్లకి సరిగ్గా వినపడకపోవచ్చు, మీ బాబుని లేచి నిలబడి నెమ్మదిగా, గట్టిగా అడగమనండి.