మల్టీమీటర్ కరెంటు తప్పు చూపిస్తుంటే: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మీటర్ వోల్టేజీ సరిగ్గానే చూపిస్తోందని, కరెంటు దగ్గరకు వచ్చేసరికి అంకెలు నమ్మేలా లేవని రాశావు. మూత విప్పితే బోర్డు మీద చిన్న ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్) కనిపించిందని, దాన్ని తిప్పి సరిచేయవచ్చా అని అడిగావు. మిగతావన్నీ తరువాత చెబుతాను, ముందు దీనికి జవాబు. ఆ ప్రీసెట్ జోలికి వెళ్లకు. అది మీటర్‌లోని చిప్‌కు రిఫరెన్స్ వోల్టేజీని, అంటే కొలతలన్నిటినీ పోల్చి చూసుకునే ఆధార వోల్టేజీని ఇస్తుంది. వోల్టేజీ అయినా కరెంటు అయినా కొలత అంతా దాని మీదే నిలబడి ఉంటుంది. నీ మీటర్ వోల్టేజీ సరిగ్గా చూపిస్తోందంటే ఆ ప్రీసెట్ ఉండవలసిన చోటే ఉందని అర్థం. కరెంటు అంకె కోసం దాన్ని తిప్పితే, బాగున్న వోల్టేజీ కొలత కూడా చెడిపోతుంది.

ఈ చవక మీటర్లు నిజానికి కరెంటును కొలవవు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మరమ్మతు సగం అయినట్టే. డీటీ-830 రకం మీటర్లలో ఉండే 7106 చిప్‌కు తెలిసింది వోల్టేజీ ఒక్కటే, అదీ 200 మిల్లీవోల్టుల వరకే. కరెంటు కొలవాలంటే దాన్ని ఒక చిన్న రెసిస్టర్ గుండా పంపి, ఆ రెసిస్టర్ మీద పడిన వోల్టేజీని చిప్‌కు చూపిస్తారు. ఆ రెసిస్టర్‌నే షంటు అంటాం. 200 మిల్లీ ఆంపియర్ల రేంజికి 1 ఓం, 20కి 10 ఓంలు, 2కి 100 ఓంలు, 200 మైక్రో ఆంపియర్లకు 1000 ఓంలు. ఏ రేంజి అయినా నిండా కరెంటు వెళ్తే పడేది అదే 200 మిల్లీవోల్టులు. వీటికి విడివిడిగా రెసిస్టర్లు పెట్టరు. 900, 90, 9, 0.99, చివర 0.01 ఓం, ఇలా ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా కలుపుతారు. నాబ్ తిప్పినప్పుడు కరెంటు ఈ గొలుసులోకి ఎక్కడ ప్రవేశించాలో మారుతుంది, అంతే. చివరి 0.01 ఓం మాత్రం రెసిస్టర్‌లా కనిపించదు. వంతెనలా వంచి టంకం పెట్టిన లావుపాటి తీగ అది. 10 ఆంపియర్ల జాక్ నేరుగా దానికే వెళ్తుంది.

మూత తీసే ముందు బయటే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది బ్యాటరీ. 9 వోల్టుల బ్యాటరీ నీరసించిన మీటర్ ఏ అంకెనైనా చూపిస్తుంది, దాని మాట పట్టుకుని రెసిస్టర్లు మార్చడం వృథా శ్రమ. రెండోది, అసలు మీటర్‌లో తప్పు ఉందా లేదా అన్నది. 1.5 వోల్టుల సెల్లుకు 1 కిలో ఓం రెసిస్టర్ కలిపి 2 మిల్లీ ఆంపియర్ల రేంజిలో కొలిచి చూడు. లెక్క ప్రకారం 1.5 రావాలి, మీటర్ మాత్రం 1.36 దగ్గర ఆగుతుంది. అదే 20 రేంజికి మార్చితే 1.48 చూపిస్తుంది. చూసినవారెవరైనా మీటర్ పాడైందనే అనుకుంటారు. కానీ రెండు అంకెలూ నిజమే. మొదటిసారి మీటర్‌లోని 100 ఓంలు కూడా సర్క్యూట్‌లో చేరాయి, 1.5ని 1100తో భాగిస్తే 1.36 వస్తుంది. రెండోసారి చేరినవి 10 ఓంలే. మీటర్ పెట్టినందువల్ల కరెంటే తగ్గింది, తగ్గిన కరెంటును మీటర్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నీ సందేహంలో కొంత ఇదే కావచ్చు, కాబట్టి ఈ పరీక్ష తప్పక చెయ్యి.

ఇక నిజమైన జబ్బుల సంగతి. సెల్లుకు ఒక చిన్న ఎల్‌ఈడీని, దానికి తగిన రెసిస్టర్‌ను కలిపి, మీటర్‌ను మధ్యలో పెట్టు. ఎల్‌ఈడీ వెలగాలంటే 1.5 వోల్టులు చాలవు, రెండు మూడు సెల్లులు వాడు. అప్పుడు అంకెతో పాటు వెలుగును కూడా చూడు. వెలుగూ లేక, అంకె కూడా సున్నానే ఉంటే దారి ఎక్కడో తెగింది. చాలావరకు ఫ్యూజే పోయి ఉంటుంది, లేదా ఫ్యూజును పట్టుకునే క్లిప్పు వదులై ఉంటుంది. వెలుగు పోయినా, తగ్గినా, అంకె మాత్రం రేంజి దాటిపోయినట్టు, ఎడమ పక్కన 1 ఒక్కటే చూపిస్తుంటే గొలుసులో ఒక రెసిస్టర్ పూర్తిగా తెగిపోయింది. వెలుగు బాగానే ఉండి అంకె సున్నా దగ్గర ఉంటే కరెంటు షంటును తప్పించుకుని పక్క దారిన పోతోంది. చాలా మీటర్లలో షంటుకు రక్షణగా రెండు డయోడ్లను ఎదురెదురుగా కలుపుతారు. ఎక్కువ కరెంటు తాకినప్పుడు వాటిలో ఒకటి షార్ట్ అయి అలాగే ఉండిపోతుంది. అది పూర్తిగా షార్ట్ కాకుండా కొద్దిగా లీక్ అవుతుంటే అంకె సున్నాకు పడదు, ఉండవలసిన దానికంటే తక్కువగా వస్తుంది. డయోడ్ ఒక కాలు ఎత్తి మళ్లీ కొలిస్తే సంగతి తేలిపోతుంది. అంకె కుదురుగా ఉండక, నాబ్‌ను కొంచెం అటూ ఇటూ కదిపితే మారుతుంటే స్విచ్ కాంటాక్టుల మీద మురికి పేరుకుందని లెక్క.

ఫ్యూజు మార్చేటప్పుడు ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకో. మీటర్ మీద ఏ రేటింగ్ రాసి ఉందో అదే ఫ్యూజు, త్వరగా తెగే రకమే వెయ్యాలి. 200 లేదా 250 మిల్లీ ఆంపియర్లు అని రాసిన చోట 1 ఆంపియర్ ఫ్యూజు వేస్తే, తరువాతి ప్రమాదంలో తెగేది ఫ్యూజు కాదు, 0.99 ఓం రెసిస్టర్. తీగ ముక్క గానీ వెండి రంగు రేకు గానీ చుట్టి పెట్టినవారి మీటర్లు చూశాను. వాటిని చూస్తే నాకు కోపం వస్తుంది. అది మరమ్మతు కాదు, రేపు ఆ మీటర్ పట్టుకునే మనిషి చేతికి ప్రమాదాన్ని అందించడం.

అంకె ఎక్కువగా చూపించడమే నీ మీటర్ అసలు జబ్బయితే, నాకు బాగా ఇష్టమైన పని ఇక్కడ మొదలవుతుంది. కాలిన రెసిస్టర్ తెగిపోనక్కర లేదు. ఒక్కోసారి దాని విలువ పెరిగి ఊరుకుంటుంది, అప్పుడు దాని మీద వోల్టేజీ ఎక్కువ పడుతుంది, అంకె పెరుగుతుంది. ఏ రెసిస్టర్ పెరిగిందో బోర్డు విప్పకుండానే చెప్పవచ్చు. దానికి నిలకడగా ఉండే కరెంటు కావాలి. వోల్టేజీని నిలకడగా ఉంచే ఎల్‌ఎం317 ఐసీని తీసుకో. దాని అవుట్‌పుట్ కాలికి, అడ్జస్ట్ కాలికి మధ్య 10 ఓంల రెసిస్టర్ పెట్టి, అడ్జస్ట్ కాలి దగ్గర నుంచి కరెంటు తీసుకుంటే సుమారు 125 మిల్లీ ఆంపియర్లు స్థిరంగా వస్తాయి. ఆ ఐసీ తన రెండు కాళ్ల మధ్య 1.25 వోల్టులు నిలబెడుతుంది కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. 100 ఓంలు పెడితే 12.5. దీనికి 5 వోల్టుల ఫోను చార్జర్ సరిపోతుంది. చార్జర్ ప్లస్‌ను ఐసీ ఇన్‌పుట్ కాలికి కలుపు. ముందు మీటర్ ఉండవలసిన చోట, అంటే అడ్జస్ట్ కాలికీ చార్జర్ మైనస్‌కూ మధ్య, తీగ ముక్క పెట్టి, మీటర్ వోల్టేజీ రేంజితో ఆ 10 ఓంల మీద ఎంత ఉందో కొలువు. దాన్ని రెసిస్టర్ విలువతో భాగిస్తే అసలు కరెంటు తెలుస్తుంది. తరువాత తీగ తీసి మీటర్‌ను కరెంటు రేంజిలో అక్కడ పెట్టు. సరిగ్గా ఉన్న వోల్టేజీ రేంజితో చెడిన కరెంటు రేంజిని పరీక్షిస్తున్నావన్నమాట, రెండో మీటర్ అవసరం లేదు.

ఇప్పుడు 125 ఉండవలసిన చోట 200 రేంజిలో 189 వచ్చిందనుకో. అదే మీటర్ 20 రేంజిలో 12.5కు బదులు 13.1 చూపించిందనుకో. మొదటి తప్పు సగం, రెండోది 5 శాతం. గొలుసును గుర్తుకు తెచ్చుకో. 200 రేంజిలో 0.99, 0.01 మాత్రమే ఉన్నాయి, 20 రేంజిలో వాటికి 9 ఓంలు కలిశాయి. పెరిగిన అర ఓం 1 ఓంలో చాలా పెద్దది, 10 ఓంలలో చిన్నది. అంటే దోషి 0.99 ఓం రెసిస్టరే, అది 1.5 దగ్గరకు చేరింది. అలా కాకుండా 200 రేంజి బాగుండి 20 మాత్రమే బాగా ఎక్కువ చూపిస్తే 9 ఓంలను అనుమానించు. తప్పు ఎక్కడ పెద్దదిగా ఉండి, చిన్న కరెంటు రేంజిలకు వెళ్లే కొద్దీ ఎలా పలచబడుతోందో చూస్తే ఏ రెసిస్టరో అదే చెబుతుంది.

0.99 ఓం రెసిస్టర్ కోసం ఎక్కడా వెతకనవసరం లేదు. 1 శాతం తేడా గల 1 ఓం రెసిస్టర్‌కు 100 ఓంలు సమాంతరంగా కలిపితే 0.990 వస్తుంది. 9 ఓంలకు 18 ఓంల రెసిస్టర్లు రెండు, 90కి 180 ఓంలవి రెండు సమాంతరంగా కలిపితే సరి. కలిపిన తరువాత ఆ విలువను మీటర్ ఓం రేంజిలో సరిచూసుకోవాలని చూడకు. ప్రోబు తీగలకే కొన్ని పదుల మిల్లీ ఓంల నుంచి అర ఓం వరకు రోధం ఉంటుంది, 1 ఓం దగ్గర ఆ కొలతకు విలువ లేదు. పైన చెప్పిన 125 మిల్లీ ఆంపియర్లను రెసిస్టర్ గుండా పంపి, సరిగ్గా దాని కాళ్ల దగ్గర మిల్లీవోల్టులు కొలువు. 124 దగ్గర వస్తే 0.99 కుదిరినట్టు.

10 ఆంపియర్ల రేంజి ఒక్కటే తప్పుగా ఉండి మిగతావి బాగుంటే ఆ లావు తీగ చివరలు చూడు. 0.01 ఓంలో 1 మిల్లీ ఓం తేడా వచ్చినా 10 శాతం తప్పు. టంకంలో వెంట్రుక వాసి పగులు చాలు. భూతద్దంతో చూస్తే తీగ చుట్టూ నల్లటి సన్నని వలయం కనిపిస్తుంది. పాత టంకం పీల్చేసి, ఫ్లక్సు వేసి, మంచి వేడితో కొత్తగా టంకం పెట్టు. అయితే తీగ మీదకు టంకం పాకనివ్వకు. పాకితే తీగ పొట్టిదైనట్టే, అంకె తగ్గిపోతుంది. ఆ తీగ మీద ఎక్కడైనా కట్టరుతో నొక్కిన గాటు కనిపిస్తే అది దెబ్బ కాదు. ఫ్యాక్టరీలో తీగను కొంచెం సన్నం చేసి, రోధాన్ని పెంచి అంకెను సరిచేసిన గుర్తు. అవసరమైతే నువ్వు కూడా అలాగే చెయ్యవచ్చు, కానీ అంకె ఇంకా తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే, అదీ చాలా కొద్దిగా. ఈ రేంజిని సరిచూడడానికి కారు బ్యాటరీ, 12 వోల్టుల 21 వాట్ల బల్బు, అరువు తెచ్చుకున్న నమ్మకమైన మీటర్ వరుసలో కలుపు. 1.75 ఆంపియర్ల చుట్టుపక్కల రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాలి. బల్బు లేకుండా మీటర్‌ను బ్యాటరీకి నేరుగా ఎప్పుడూ తగిలించకు.

విప్పే పద్ధతి గురించి రెండు మాటలు. ప్రోబులు రెండూ తీసేసిన తరువాతే స్క్రూలు ముట్టుకో. లోతైన పళ్లెంలో పెట్టి విప్పు, ఎందుకంటే నాబ్ కింద చిన్న స్ప్రింగులు, ఉక్కు గుండ్లు ఉంటాయి. అవి దొర్లిపోతే పొద్దంతా వెతుక్కోవాలి. నాబ్ తీసే ముందు ఫోటో తీసుకో. రాగి ముద్రల మీది నలుపును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడువు. గీకుడు కాగితం వద్దు, పైపూత పోతే ఆ చోట ఇక ఎప్పటికీ కుదురుగా ఉండదు.

మరొకటి. నీ మీటర్ మీద 10 ఆంపియర్ల జాక్ పక్కన ఫ్యూజు లేదని రాసి ఉంటుంది, చూడు. ఎర్ర ప్రోబును అందులో వదిలేసి వోల్టేజీ కొలవబోతే 0.01 ఓం తీగను నేరుగా సప్లై మీద పెట్టినట్టే. ఇంటి కరెంటు మీద అలా జరిగితే మంట లేస్తుంది, ముఖం కాలుతుంది. మీటర్ ఎంత బాగా మరమ్మతు చేసినా సరే, ఇంటి సాకెట్ల కరెంటును దానితో కొలవవద్దు. దానికి తీగను విప్పకుండా పైనుంచి పట్టే క్లాంపు మీటర్ వాడు. కొలత అయిన వెంటనే ఎర్ర ప్రోబును వోల్టేజీ జాక్‌లోకి మార్చడం చేతికి అలవాటు కావాలి.

ముందు ఎల్‌ఈడీ పరీక్ష, తరువాత 125, 12.5 పరీక్షలు చేసి, ఏ రేంజిలో ఎంత వచ్చిందో కాగితం మీద రాసుకుని నాకు పంపు. రెసిస్టర్లు కొనే ముందే ఆ అంకెలు చూస్తాను.

ఇట్లు,
నీ మామయ్య