మైదానం బయట ఆట: ఫుట్‌బాల్ అభిమానుల సంఘాలపై పాఠకుల ప్రశ్నలు

క్లబ్బు నడిపే తీరులో అభిమానుల మాట చెల్లాలంటే ఏం చేయాలని అడుగుతూ ఇక్కడి నుంచీ, ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చే అయిదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది. 2025 వచ్చేసరికి ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియంలో గొంతు పోయేలా అరిచిన మేమంతా చూస్తూ ఉండిపోయాం. మాకు గట్టి సంఘం ఉండి ఉంటే ఆపగలిగేవాళ్లమా? – ఓ అభిమాని, సికింద్రాబాద్

ఆపడం కష్టమే అయ్యేది. ఐఎస్‌ఎల్ క్లబ్బుల్లో చాలావరకు ఫ్రాంచైజీలే. కంపెనీ, లీగు, ఫెడరేషన్ ఒప్పుకుంటే ఊరు మారిపోతుంది. మధ్యలో అభిమానిని అడగాలన్న నియమం లేదు. అసలు 2019లో పుణె సిటీ మూతపడితేనే హైదరాబాద్‌కు ఆ చోటు దొరికింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పుడు పుణె, ఢిల్లీ అభిమానులు పడ్డ బాధే ఇప్పుడు మీ వంతుకు వచ్చింది.

ఇంగ్లండ్‌లోనూ ఇలాంటిది జరిగింది. 1889లో పుట్టిన వింబుల్డన్ క్లబ్బు మిల్టన్ కీన్స్‌కు వెళ్లొచ్చని ముగ్గురు సభ్యుల కమిషన్ 2002 మే 28న తీర్పు ఇచ్చింది. అభిమానులు కొద్ది వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో కొత్త క్లబ్బు పెట్టారు. వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో ఆటగాళ్ల ఎంపిక పెడితే 230 మంది వచ్చారు. అట్టడుగు లీగుల నుంచి మొదలుపెట్టి, తొమ్మిదేళ్లలో అయిదుసార్లు పై అంచెకు ఎక్కి, 2011లో ప్రొఫెషనల్ క్లబ్బులుండే ఫుట్‌బాల్ లీగులోకి వచ్చారు. 2020 నవంబరులో పాత మైదానానికి కూతవేటు దూరంలో, ప్లౌ లేన్‌లోనే కట్టిన కొత్త స్టేడియంలో ఆడారు. సభ్యులందరికీ తలా ఒక ఓటు ఉన్న డాన్స్ ట్రస్ట్ అనే అభిమానుల సంఘం చేతిలోనే ఆ క్లబ్బు ఉంది. ఇంత త్వరగా నిలదొక్కుకోవడానికి కారణం ఉంది: తీర్పు వచ్చేనాటికే అక్కడ సంఘం, సభ్యుల జాబితా, బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉన్నాయి.

హైదరాబాద్‌లో సంఘం ఉంటే ఏ సమయంలో పనికొచ్చేదో చెప్తాం. 2023-24 సీజన్‌లో ఆటగాళ్లకు జీతాలు అందడం లేదన్న వార్తలు వచ్చాయి, కొత్తవాళ్లను తీసుకోకుండా ఆంక్షలు పడ్డాయి. అవే ప్రమాద ఘంటికలు. ఆ తర్వాత క్లబ్బు చేతులు మారింది. కొత్త యజమాని వచ్చే ఆ కొద్ది వారాల్లోనే అభిమానుల మాటకు విలువ ఎక్కువ, ఎందుకంటే మంచి పేరుతో అడుగుపెట్టాలని ఎవరికైనా ఉంటుంది. ఎన్నేళ్లు ఈ ఊళ్లోనే ఉంటారు, యూత్ జట్లను ఏం చేస్తారు అని అప్పుడే రాతపూర్వకంగా అడగాలి. ఆ కాగితానికి చట్టబలం లేకపోవచ్చు. అయినా ఏమీ లేకుండా ఉండటం కన్నా చాలా నయం.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరి చిన్న క్లబ్బుకు నాలుగేళ్లుగా సీజన్ టికెట్ కొంటున్నాను. యజమాని అమ్మేస్తాడని పుకారు. కొందరం కలిసి ట్రస్టు పెడదామనుకుంటున్నాం. వరుసగా ఏం చేయాలో చెప్పండి. – ఓ తెలుగు ఇంజినీరు, ఇంగ్లండ్

సభ పెట్టే ముందు లెక్కలు చదవండి. క్లబ్బు కంపెనీ పత్రాలన్నీ కంపెనీస్ హౌస్ (కంపెనీలను నమోదు చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నాలుగు విషయాలు చూడాలి. మొదటిది, మైదానం క్లబ్బు పేరు మీదే ఉందా, యజమానికి చెందిన మరో కంపెనీకి మార్చేశారా? ఇంగ్లండ్‌లో క్లబ్బులు కూలిన చాలా కథల్లో మొదటి మెట్టు ఇదే. రెండోది ‘చార్జెస్’ జాబితా, అంటే ఏ ఆస్తి ఎవరికి తాకట్టులో ఉందో తెలిపేది. మూడోది, యజమాని పెట్టిన డబ్బు వాటాగా పెట్టాడా, అప్పుగా ఇచ్చాడా? అప్పయితే అడిగిన రోజే తిరిగి కట్టాలన్న షరతు ఉందా? నాలుగోది ఆడిటర్ రాసిన ‘గోయింగ్ కన్సర్న్’ పేరా. అందులో సందేహం వ్యక్తం చేశాడంటే వచ్చే పన్నెండు నెలలు క్లబ్బు నడుస్తుందన్న నమ్మకం ఆయనకు లేనట్టే. లెక్కలు గడువు దాటి దాఖలు కావడం కూడా మంచి సూచన కాదు.

తర్వాత ఆరుగురు, ఎనిమిది మందితో ఒక బృందం కట్టండి. అందులో అకౌంటెంటు ఒకరు, లాయరు ఒకరు తప్పనిసరి. స్టేడియంలోని ప్రతి స్టాండులోనూ, అంటే గ్యాలరీలోనూ, నలుగురికీ తెలిసిన మనిషి ఒకరుండాలి. అందరూ ఒకే స్టాండు స్నేహితులైతే మిగతావాళ్లు మిమ్మల్ని ఒక ముఠాగా చూస్తారు.

ట్రస్టు అని పిలుస్తారు గానీ చట్టప్రకారం దాన్ని కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీగా నమోదు చేయాలి. 2014 నాటి చట్టం కింద ముగ్గురు సభ్యులుంటే ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ అనే నియంత్రణ సంస్థ దగ్గర నమోదవుతుంది. నిబంధనావళి సొంతంగా రాసుకోకండి. ఫుట్‌బాల్ సపోర్టర్స్ అసోసియేషన్ దగ్గర నమూనా ఉంది, దాన్ని వాడితే పని త్వరగా, తక్కువ ఖర్చుతో అవుతుంది. మామూలు కంపెనీ ఎందుకు వద్దంటే, అక్కడ షేర్లు ఎక్కువున్నవాడిదే పైచేయి. సొసైటీలో అయిదు పౌండ్లు కట్టినా అయిదు వేలు కట్టినా ఓటు ఒకటే. పైగా సొసైటీ దివాలా తీసినా సభ్యుడి సొంత ఆస్తికి ముప్పు రాదు.

చందా తక్కువ పెట్టండి, ఏడాదికి అయిదు నుంచి పది పౌండ్లు చాలు. సంఘం బలం సభ్యుల సంఖ్యలో ఉంటుంది. మ్యాచ్‌లకు సగటున మూడు వేల మంది వచ్చే చోట ఆరు వందల మంది సభ్యులుంటే యజమాని మీ ఫోన్ ఎత్తక తప్పదు. వాట్సాప్ గ్రూపులో ఎంతమంది ఉన్నా లెక్కలోకి రారు. చందా కట్టి, పేరు రాసి, ఓటు వేసేవాళ్లే సభ్యులు. డైరెక్ట్ డెబిట్ (చందా ఏటా ఖాతా నుంచి దానంతటదే వచ్చే ఏర్పాటు) పెట్టించకపోతే రెండో ఏడు సగం మంది జారిపోతారు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి.

మైదానాన్ని ‘అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూ’గా, అంటే ఊరి జనానికి విలువైన ఆస్తిగా, నమోదు చేయించండి. నమోదు కాని సంఘమైనా స్థానికులు 21 మంది కలిసి కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. 2011 లోకలిజం చట్టం కింద ఇది అయిదేళ్లు చెల్లుతుంది. యజమాని అమ్మకానికి పెడితే ఆరు వారాల్లోగా మీరు ఆసక్తి తెలపాలి, తెలిపితే ఆరు నెలల వరకు అమ్మకం ఆగుతుంది. ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియాన్ని కూడా మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు 2013లో ఇలాగే నమోదు చేయించారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: మీకే అమ్మాలన్న బలవంతం యజమాని మీద ఉండదు. మీకు దొరికేది సమయం మాత్రమే, ఆ ఆరు నెలల్లో డబ్బు కూడగట్టాలి.

2025 జులైలో వచ్చిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టాన్ని ప్రతి కమిటీ సభ్యుడూ చదవాలి. పురుషుల ఫుట్‌బాల్‌లో పై అయిదు అంచెల క్లబ్బులకు ఇది వర్తిస్తుంది. ముఖ్యమైన విషయాల్లో అభిమానులను సంప్రదించక తప్పదు. చిహ్నం, సొంత మైదానంలో తొడిగే జెర్సీ ప్రధాన రంగులు మార్చాలంటే మెజారిటీ అభిమానుల మద్దతు ఉందని తేల్చుకోవాలి. మైదానం అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, వేరే చోటికి మారాలన్నా స్వతంత్ర రెగ్యులేటర్ అనుమతి కావాలి. కార్డిఫ్ సిటీ యజమాని 2012లో నీలం జెర్సీని ఎరుపు చేస్తే, దాన్ని తిరిగి నీలం చేయించడానికి అభిమానులకు 2015 జనవరి దాకా పట్టింది. ఇకమీదట అంత పోరాటం అక్కర్లేదు.

ఎక్కువ ట్రస్టులు ఎక్కడ తప్పటడుగు వేస్తాయంటే, బోర్డులో ఒక సీటు దొరికాక. ఎన్నికైన ప్రతినిధి బోర్డు విషయాలు బయటపెట్టకూడదు. ఆయన మౌనం చూసి సభ్యులు ‘అమ్ముడుపోయాడు’ అంటారు. ఏ విషయాలు చెప్పొచ్చు, ఏవి చెప్పకూడదు, ఎన్నాళ్లకోసారి సభ్యులకు నివేదిక ఇవ్వాలి అన్నది సీటు తీసుకోకముందే క్లబ్బుతో కాగితం మీద రాసుకోండి. విరాళాలు కూడా అంతే. ‘క్లబ్బును కాపాడదాం’ అని ఊరికే వసూలు చేయొద్దు. ముందు హామీలు మాత్రమే తీసుకోండి. తప్పక డబ్బే తీసుకోవలసివస్తే విడి ఖాతాలో ఉంచి, బేరం కుదరకపోతే ఏ తేదీలోగా తిరిగి ఇస్తారో రశీదు మీదే వేయండి.

ప్రశ్న: బ్యానర్లు పట్టుకోవడం, మధ్యలో లేచి వెళ్లిపోవడం వల్ల ఏమైనా ఒరుగుతుందా? – డిగ్రీ విద్యార్థి, గుంటూరు

కోరిక ఒక్కటే అయి, అది వెంటనే తీర్చగలిగేదైతే బాగా ఒరుగుతుంది. 2016లో లివర్‌పూల్ కొత్త స్టాండులో అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లని ప్రకటించింది. ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి దాదాపు పది వేల మంది లేచి వెళ్లిపోయారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. వాళ్లు వెళ్లాక రెండు గోల్స్ పడి మ్యాచ్ డ్రా అయింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి, గరిష్ఠ ధరను పాత 59 పౌండ్ల దగ్గరే రెండు సీజన్లు ఆపేశారు. ఒక అంకె, ఒక నిమిషం, ఒక కోరిక. టీవీలో చూసినవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

‘యాజమాన్యం దిగిపోవాలి’ అన్న నినాదం అంత తేలిగ్గా ఫలించదు. దిగిపోవాలంటే కొనేవాడు కావాలి, ఆ వచ్చేవాడు ఎవరో తెలియదు. మన దేశంలో మోహన్ బగాన్ అభిమానులు మాత్రం స్పష్టంగా ఒక్కటే అడిగారు: విలీనంతో పేరు ముందు చేరిన ఏటీకే (మరో కోల్‌కతా క్లబ్బు పేరు) పోవాలి. 2023 మార్చిలో ఐఎస్‌ఎల్ ఫైనల్ గెలిచిన రాత్రే యజమాని ఆ మార్పు ప్రకటించారు.

ప్రశ్న: జర్మనీలో కోటీశ్వరులు కూడా క్లబ్బు కొనలేరంటారు, నిజమేనా? – ఓ పాఠకురాలు, విశాఖపట్నం

చాలావరకు నిజం. 1998లో క్లబ్బులు తమ ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చుకోవచ్చన్నప్పుడు ఒక షరతు పెట్టారు: సగం ఓట్లు, ఆపై మరొకటి మాతృసంఘం దగ్గరే ఉండాలి. దాన్నే ‘50+1’ అంటారు. ఆ సంఘంలో సభ్యులు మామూలు అభిమానులే. బేయర్ కంపెనీ చేతిలోని లెవర్‌కూసెన్, ఫోక్స్‌వ్యాగన్ చేతిలోని వోల్ఫ్స్‌బర్గ్ పాత మినహాయింపులు. లైప్‌జిగ్ క్లబ్బుది మరో దారి. ఓటున్న సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే పరిమితం చేసి, షరతును అక్షరాలా పాటిస్తూనే దాని స్ఫూర్తిని తప్పించుకుంది. మా దృష్టిలో ఇది నియమానికి జరిగిన పెద్ద గాయం.

2023 డిసెంబరులో లీగు ప్రసార ఆదాయంలో కొంత వాటాను పెట్టుబడిదారుకు ఇవ్వాలన్న ప్రతిపాదన మీద 36 క్లబ్బులు రహస్యంగా ఓటు వేశాయి. మూడింట రెండొంతులు, అంటే 24 ఓట్లు కావాలి. సరిగ్గా 24 పడ్డాయి. వద్దని ఓటు వేయమని హానోవర్ క్లబ్బు మాతృసంఘం తన ప్రతినిధికి ఆదేశం ఇచ్చింది, ఆయన అవునన్నాడేమోనని అనుమానం లేచింది. దేశమంతా స్టేడియాల్లో టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలోకి విసిరారు, రిమోట్ కార్లు తోలారు. మ్యాచ్‌లు నిమిషాల తరబడి ఆగాయి. 2024 ఫిబ్రవరి 21న లీగు ఆ ఒప్పందాన్ని వదులుకుంది. గమనించవలసింది ఏమిటంటే, ఆ టెన్నిస్ బంతుల వెనక ఓటుహక్కు ఉన్న సభ్యులున్నారు. హక్కు లేని చోట అదే పని చేస్తే సెక్యూరిటీవాళ్లు బయటికి పంపి ఊరుకునేవారు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వేలమంది తలా కొంత వేసుకుని ఒక క్లబ్బును కొనేస్తే పోదా? మన రాష్ట్రాల్లో సంఘం నమోదు ఎలాగో కూడా చెప్పండి. – చార్టర్డ్ అకౌంటెన్సీ విద్యార్థి, విజయవాడ

కొనడం సులువు, నిలబెట్టుకోవడం కష్టం. 2008లో ‘మైఫుట్‌బాల్‌క్లబ్’ అనే వెబ్‌సైట్ సభ్యులు తలా 35 పౌండ్లు వేసుకుని ఇంగ్లండ్‌లో ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్‌లో 75 శాతం కొన్నారు. ఆ మేలోనే వెంబ్లీ స్టేడియంలో చిన్న క్లబ్బుల పోటీ అయిన ఎఫ్‌ఏ ట్రోఫీ గెలిచారు. అయినా రెండో ఏడు చందా కట్టమంటే ఎక్కువమంది కట్టలేదు. 2013లో ఆ ప్రయోగం ముగిసింది. సభ్యుల్లో చాలామందికి ఆ ఊరితో బంధం లేకపోవడమే అసలు లోపం.

ఊరివాళ్లే కొన్న పోర్ట్స్‌మత్ కథ వేరు. 2013లో తలా వెయ్యి పౌండ్ల వాటాలతో క్లబ్బును కాపాడారు, అప్పులు తీర్చారు. 2017లో పెద్ద పెట్టుబడి కోసం ఓటింగ్ పెట్టుకుని మరీ అమ్మారు. స్వాన్సీ క్లబ్బులో అభిమానుల ట్రస్టు దగ్గర 21 శాతం వాటా ఉండేది. 2016లో మిగతా పెద్ద వాటాదారులు తమను సంప్రదించకుండానే అమెరికన్ కొనుగోలుదారులకు అమ్మారని ట్రస్టు ఆరోపించింది. ఆ తగాదా రాజీ అయ్యేసరికి 2022 వచ్చింది. వాటా కొనేటప్పుడే ‘పెద్దవాళ్లు అమ్మితే మా వాటాకూ అదే ధర’ అన్న షరతు సంతకాలతో ఉండాలి.

ఇక మన దగ్గర. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిసి మెమొరాండం, బైలాలతో జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏడుగురే. క్లబ్బు కంపెనీ దాఖలు చేసిన పత్రాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయల రుసుముతో చూడొచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో వాటాదారులు 200 మందికి మించకూడదు కాబట్టి వేలమంది విడివిడిగా షేర్లు కొనడం కుదరదు. మధ్యలో ఒక సంస్థ కావాలి, దాని రూపం తేల్చడానికి కంపెనీ సెక్రటరీ సలహా తీసుకోండి. బైలాల్లో మూడు మాటలు తప్పక రాయండి: ఒక సభ్యుడికి ఒకే ఓటు, ఏ పదవిలోనైనా వరుసగా రెండు విడతలకు మించి ఒకరే ఉండకూడదు, సంఘం పేరుతో ఆటగాళ్ల జెర్సీలు గానీ టికెట్లు గానీ అమ్మితే లెక్క మూడు నెలలకోసారి సభ్యుల ముందు పెట్టాలి.