‘ఎక్కువసేపు’ అంటే ఎన్ని గంటలు?

కొత్త ప్రోడక్టు పని మొదలుపెట్టే ముందు దాన్ని కాగితం మీద ఎలా ఖరారు చేసుకోవాలని అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మేం నలుగురం కలిసి చార్జింగ్ టేబుల్ లైటు తయారు చేయాలనుకుంటున్నాం. ఏమేం ఉండాలో రాసుకుంటే పన్నెండు పేజీలు అయింది. ‘వెలుగు బాగుండాలి, బ్యాటరీ ఎక్కువసేపు రావాలి, కింద పడినా పగలకూడదు, నీళ్ళు పడినా పాడవకూడదు’... ఇలా. ఇక డిజైన్ మొదలుపెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. పన్నెండు పేజీలున్నా, మీరు పంపిన వాక్యాల్లో డిజైన్ చేసేవాళ్ళ చేతికి అందేది ఒక్కటీ లేదు. అవి కోరికలు. కోరిక స్పెసిఫికేషన్ (కొలిచి తేల్చగలిగే షరతు, పొట్టిగా స్పెక్) అయిందో లేదో తెలియాలంటే, తయారైన నమూనాను బల్ల మీద పెట్టి ‘పాసా, ఫెయిలా’ అని అడగండి. నలుగురూ ఒకటే జవాబు చెప్పాలి. ‘ఎక్కువసేపు’ అంటే మీలో ఒకరికి నాలుగు గంటలు, ఇంకొకరికి రాత్రంతా. ఆ తేడా ఇప్పుడు బయటపడితే ఒక సాయంత్రం వాదనతో తీరిపోతుంది. ప్లాస్టిక్ భాగాలు పోసే ఉక్కు అచ్చులు చేయించాక బయటపడితే అచ్చులే మార్చుకోవాలి.

ఆ ఒక్క మాటనే అంకెల్లోకి దించి చూద్దాం. ‘200 ల్యూమెన్ల వెలుగు, 6 గంటలు’ అనుకున్నారనుకోండి (ల్యూమెన్ అంటే వెలుగుకి కొలత). వెలుగును పలచగా పరిచే మూత తినేసే భాగం కూడా తీసేసి, వాటుకు 100 ల్యూమెన్లు బయటికొస్తాయనుకుంటే ఎల్‌ఈడీకి 2 వాట్లు కావాలి. దాన్ని నడిపే సర్క్యూట్ నష్టంతో కలిపి 2.3 వాట్లు. ఆరు గంటలకు దాదాపు 14 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). మామూలుగా దొరికే 18650 అనే సైజు లిథియం సెల్, 2600 మిల్లీఆంపియర్-అవర్లది (ఎంఏహెచ్) తీసుకుంటే 3.6 వోల్టుల చొప్పున 9.4 వాట్-అవర్లే ఇస్తుంది. ఒక సెల్ చాలదు, రెండు వేయాలి. అప్పుడు 18.7 అవుతుంది. వాడేకొద్దీ సెల్ సామర్థ్యం తగ్గి 80 శాతానికి వచ్చినా 15 మిగులుతుంది, అంటే పాతబడ్డాక కూడా ఆరు గంటలు వస్తుంది. ఇక్కడ ఇంకో ప్రశ్న పుడుతుంది. మీరు హామీ ఇచ్చే ఆరు గంటలు కొత్త లైటుకా, రెండేళ్ళు వాడిన లైటుకా? ఇది రాయకపోతే కొన్నవాళ్ళ ఫిర్యాదుకి మీ దగ్గర జవాబుండదు.

అక్కడితో అయిపోలేదు. ఆ రెండు సెల్స్ నింపడానికి 5 వోల్టుల 1 ఆంపియర్ చార్జరు అయితే నష్టాలతో కలిపి నాలుగున్నర గంటల దాకా పడుతుంది. 2 ఆంపియర్లది అయితే, మీ చార్జింగ్ సర్క్యూట్ కూడా అంత తీసుకునేలా ఉంటేనే, సగానికి దగ్గరవుతుంది. కాబట్టి చార్జరు మీరిస్తారా, వాళ్ళ దగ్గరున్న ఫోను చార్జరుతో నడిపిస్తారా అన్నది కూడా స్పెక్‌లోకి రావాలి. లిథియం సెల్‌ను 0 డిగ్రీల కంటే చలిలో చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్ దెబ్బతింటుంది. చలి ప్రాంతాల్లో అమ్మే ఆలోచనుంటే అంత చలిలో చార్జింగ్ ఆపేసే ఏర్పాటు కూడా రాసుకోండి.

మిగతా మాటలకీ ఇదే పద్ధతి. ‘పడినా పగలకూడదు’ అన్నదాన్ని ‘1 మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు నేల మీద ఆరు వైపులా ఒక్కోసారి పడేశాక లైటు వెలగాలి, సెల్ బయటికి రాకూడదు, గీతలు పడొచ్చు’ అని మార్చండి. చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు. ఏది ఫరవాలేదో రాయకపోతే చిన్న గీతకి కూడా డిజైన్ తిరిగి మొదలవుతుంది. నీళ్ళ సంగతీ అంతే. నీళ్ళను ఎంత తట్టుకోవాలో చెప్పడానికి ఐపీ అనే ప్రమాణం ఉంది. ఐపీఎక్స్4 అంటే ఏ వైపు నుంచి చిందినా తట్టుకోవాలి. ఐపీఎక్స్7 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు మునిగినా తట్టుకోవాలి. రెండో దానికి స్విచ్, చార్జింగ్ రంధ్రం, అతుకులు అన్నిటికీ రబ్బరు సీలు కావాలి. టేబుల్ లైటుకి అది అవసరమా? నా మాటైతే అక్కర్లేదు.

ఇదంతా వెనక పేజీల్లో ఉండాలి. అన్నిటికంటే పైన ఒకే ఒక్క పేజీ పెట్టండి. ఎవరి కోసం, వాళ్ళ ఏ పని కోసం, ఇప్పుడు ఆ పనిని దేనితో నెట్టుకొస్తున్నారు, దానికంటే మీది ఎందులో మేలు, ఎంతకు అమ్ముతారు, ఇది ఏం చెయ్యదు. ‘ఫోను చార్జ్ చెయ్యదు, రంగులు మారవు, గోడకి తగిలించడం కుదరదు’ అని రాసి నలుగురూ సంతకం పెట్టండి. ఆర్నెల్ల తర్వాత ‘ఇదొక్కటి కలుపుదాం’ అనే మాట వచ్చినప్పుడు అక్కరకొచ్చేది ఆ పేజీయే.

ప్రశ్న: అరవై మందిని అడిగాం. అందరూ ‘బాగుంది, వస్తే కొంటాం’ అన్నారు. ఇంకా ఏం తెలుసుకోవాలి?

జవాబు: ఆ జవాబును లెక్కలోకి తీసుకోకండి. ముఖం మీద బాగోలేదనడానికి మనుషులకు మొహమాటం. పైగా రేపు కొంటారో లేదో వాళ్ళకే తెలీదు. జరిగిపోయినదాన్ని అడగండి. కిందటిసారి కరెంటు లేనప్పుడు ఏం చేశారు? లైటు ఎక్కడ పెట్టారు? ఎప్పుడు చార్జింగ్ పెట్టారు, అది ఎవరు గుర్తుపెట్టుకున్నారు? వీలైతే పక్కన కూర్చుని చూడండి. వెలుగు పుస్తకం మీద పడటానికి లైటు కింద ఏదో ఒకటి ఎత్తు పెట్టుకుంటున్నారంటే, మెడ వంగే స్టాండు కావాలని వాళ్ళు నోటితో చెప్పక్కర్లేదు.

అరవై మంది కూడా అవసరం లేదు. మార్కెటింగ్ పరిశోధకులు గ్రిఫిన్, హౌజర్ 1993లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఒకే రకం వాడకందార్లలో 20 నుంచి 30 మందితో లోతుగా మాట్లాడితే 90 శాతం దాకా అవసరాలు బయటపడతాయి. ఒకే రకం అన్నది మాత్రం మరిచిపోకండి. చదువుకునే పిల్లలూ, రాత్రిపూట మరమ్మతులు చేసేవాళ్ళూ రెండు గుంపులు. విడివిడిగా మాట్లాడాలి.

వచ్చిన అవసరాలను వడకట్టడానికి జపాన్ ప్రొఫెసర్ నోరియాకి కానో 1984లో ప్రతిపాదించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి అంశానికీ రెండు ప్రశ్నలు అడగాలి: ఇది ఉంటే మీకెలా ఉంటుంది, లేకపోతే ఎలా ఉంటుంది? వేడెక్కకపోవడం ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే వెనక్కిచ్చేస్తారు. అది తప్పనిసరి. గంటలు పెరిగేకొద్దీ సంతోషం పెరుగుతుంది. ‘ఇంకా 2 గంటలు వస్తుంది’ అని చూపించే చిన్న తెర లేకపోయినా ఎవరూ అడగరు, ఉంటే మురిసిపోతారు. ముందు తప్పనిసరివి పూర్తిగా, తర్వాత గంటలు పోటీవాళ్ళకంటే తగ్గకుండా, ఆపైన మురిపించేవి ఒకటో రెండో. తప్పనిసరిని తగ్గించి మురిపించేదాన్ని పెట్టారా, వచ్చిన మెప్పు మొదటి వారంలోనే పోతుంది.

ప్రశ్న: తయారీ ఖర్చు మీద 40 శాతం కలిపి ధర పెడదామనుకుంటున్నాం. సరేనా?

జవాబు: లెక్క తలకిందులుగా ఉంది. కొనేవాళ్ళు మీ ఖర్చు చూసి డబ్బివ్వరు, వాళ్ళకు కనిపించే విలువకిస్తారు. ముందు అమ్మకం ధర తేల్చుకుని కిందికి రండి. ధర 100 వంతులు అనుకుందాం. పన్ను 15, అమ్మిపెట్టేవాళ్ళ వాటా 30 పోతే 55. మీ జీతాలు, అద్దె, లాభం 20 పోతే 35. ప్యాకింగ్, రవాణా 5, వారంటీలో తిరిగొచ్చేవాటికి 3 పోతే తయారీకి మిగిలేది 27. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. ఇక ఆ 27ను పంచండి: సెల్స్ 8, ఎల్‌ఈడీ, సర్క్యూట్ 7, ప్లాస్టిక్ భాగాలు 6, కూర్పు, పరీక్ష 4, కేబుల్ 2. రెండు సెల్స్ 8 వంతుల్లో రావట్లేదంటే ఆరు గంటల మాట దగ్గరికి తిరిగి వెళ్ళాలి. అచ్చుల ఖర్చు విడిగా చూడండి. దాన్ని 5,000 లైట్ల మీద పంచడానికీ 50,000 మీద పంచడానికీ పదింతల తేడా. అందుకే ఎన్ని అమ్ముతారన్న అంచనా కూడా స్పెక్‌లో భాగమే.

ప్రశ్న: అన్నీ తెలియకుండా స్పెక్ ఫ్రీజ్ చేయమంటే, అంటే ఇక మార్చకుండా ఖాయం చేయమంటే ఎలా?

జవాబు: అన్నీ ఒకే రోజు ఫ్రీజ్ చేయక్కర్లేదు. ఎవరికి, ఏ పనికి, ధర, సైజు, బ్యాటరీ, భద్రతా ప్రమాణాలు డిజైన్‌కి ముందే ఖాయం కావాలి. బటన్ నొక్కుడు, రంగు, వెలుగు ఛాయ తర్వాత తేల్చొచ్చు. కాకపోతే ప్రతిదాని పక్కన ఎవరు తేలుస్తారు, ఏ తేదీలోగా అని రాయండి. కొలతల్లో అనుమానం ఉన్నచోట అచ్చులో ఉక్కు ఎక్కువ మిగిలేలా చేయించండి. ఉక్కు చెక్కి ప్లాస్టిక్ మందం పెంచడం తేలిక, ప్లాస్టిక్ తగ్గించాలంటే అచ్చుకి వెల్డింగ్ పెట్టి మళ్ళీ కోయాలి. ఫ్రీజ్ అయ్యాక మార్పు కావాలంటే ఒక కాగితం నింపాలి: ఎందుకు, ఏ అంకె మారుతుంది, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, ఏ పరీక్షలు మళ్ళీ చేయాలి. సెల్ మారిస్తే దాని రవాణాకి కావలసిన యూఎన్ 38.3 (లిథియం బ్యాటరీల రవాణా భద్రత) పరీక్ష పత్రం కూడా మళ్ళీ చూసుకోవాలి.

ప్రశ్న: సర్క్యూట్ ఒకరు, బాడీ ఇంకొకరు చేస్తున్నారు. ఇద్దరికీ ఒకే స్పెక్ ఇస్తే చాలదా?

జవాబు: చాలదు. ఇద్దరి పనీ కలిసేచోటికి విడిగా ఒక కాగితం కావాలి, యూనిట్లతో సహా. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో అంగారకుడి దగ్గర చేజారిపోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలిస్తే, ఇంకొకటి వాటిని న్యూటన్ సెకన్లనుకుంది.

మీ లైటులో గొడవ వచ్చేది సెల్ దగ్గరే. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ పేరు చూసి బాడీ చేసేవాళ్ళు 66 మిల్లీమీటర్ల చోటు వదులుతారు. రక్షణ సర్క్యూట్ కలిపిన సెల్ పొడవు 70 దాకా ఉంటుంది, మూత మూసుకోదు. ఆ కాగితంలో సెల్ పేరు కాకుండా ‘తీగలు, రక్షణ సర్క్యూట్, చుట్టిన టేపుతో సహా ప్యాక్ పొడవు, వెడల్పు, మందం, గరిష్ఠంగా’ అని రాయించి, రెండు వైపులవాళ్ళ చేతా సంతకం చేయించండి.