కారు హెడ్‌లైట్లు లో బీమ్‌లోనే (కిందికి పడే వెలుగులోనే) పెట్టుకుని వెళ్తున్నా ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతున్నారా?

ముందు డిక్కీలో బరువు చూడండి. వెనక కుంగితే వెలుగు పైకి లేస్తుంది. హెడ్‌లైట్ల వెలుగు ఎత్తును మార్చే లెవెలింగ్ చక్రాన్ని 0 నుంచి 2కో 3కో తిప్పితే చాలు.

బండి ఖాళీగా ఉన్నా అంతేనా? టైర్లలో గాలి సరిచూసి, లెవెలింగ్ చక్రం 0లో పెట్టి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, చదునైన నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో ఆపండి. బల్బు ఎత్తును గోడ మీద టేపుతో గుర్తించండి. వెలుగు పైఅంచు ఆ గుర్తుకు 5 సెంటీమీటర్లు కిందుండాలి. ఒక లైటును గుడ్డతో కప్పి, రెండోదాని వెనక వెలుగు ఎత్తును మార్చే స్క్రూను కొద్దికొద్దిగా తిప్పండి. అంచు ఎడమ పక్కన పైకి లేస్తే కంగారొద్దు, రోడ్డు పక్క కనబడాలనే అలా చేస్తారు.

హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (వెలుగును ముందుకు మళ్లించే అద్దం లాంటి గిన్నెలో) ఎల్ఈడీ బల్బు బిగించి ఉంటే మాత్రం ఈ శ్రమంతా దండగ. హాలోజన్ బల్బులో వెలిగే తీగ (ఫిలమెంట్) ఉండాల్సిన చోట, ఆ ఆకారంలో వెలుగు పుట్టదు. అంచు చెదిరి కళ్లలో కొడుతుంది. మళ్లీ హాలోజన్ బల్బే వేయించండి.