ఉబ్బిన చెక్కను ఇప్పుడే పీకించకండి

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో మాకు సొంత ఫ్లాటు ఉంది. వంటగదిని మాడ్యులర్‌గా మార్పించుకుందామని ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నాం. విడిగా అగ్రిమెంటు ఏదీ రాసుకోలేదు. రెండు పేజీల కొటేషన్ మీద ఇద్దరం సంతకాలు చేశాం. 45 రోజులలో పూర్తి చేస్తామన్నారు, ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది. మొత్తంలో 80 శాతం ఇచ్చేశాం, కొంత యూపీఐలో, కొంత నగదుగా. చివరి 20 శాతం ‘పని పూర్తయి అప్పగించాక’ అని కొటేషన్‌లో ఉంది. బిల్లు లేకపోతే జీఎస్టీ మిగులుతుందని ఆయన అంటే బిల్లు అడగలేదు. క్యాబినెట్లకు బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్ వాడతామని రాశారు, కానీ సింకు కింది అర మూడు వారాలకే ఉబ్బిపోయింది. సింకును కిటికీ వైపు మార్చిన దగ్గరనుంచి కింది ఫ్లాటు పైకప్పుకు చెమ్మ దిగుతోంది. మిగతా డబ్బు ఇస్తేనే షట్టర్లు బిగిస్తాననీ, లేకపోతే బిగించినవి కూడా ఊడదీసుకుపోతాననీ కాంట్రాక్టరు అంటున్నారు. 420 కేసు పెట్టమని మా తమ్ముడు అంటున్నాడు. ఆ డబ్బు ఇవ్వవలసిందేనా? వేరే వడ్రంగిని పిలిచి అంతా పీకించి కొత్తగా చేయించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. పీకించే పని ఇప్పుడే పెట్టుకోకండి. కోపంలో ఎవరికైనా మొదట తోచేది అదే, కేసును మొదట దెబ్బ తీసేదీ అదే. ఇలాంటి తగాదాలతో నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది కొత్త వంటగది కట్టించేసుకుని పాత వంటగది మీద ఫిర్యాదు తెస్తారు. చూపించమంటే ఫోనులో రెండు మసక ఫొటోలు ఉంటాయి. తీసేసిన చెక్క ఎప్పుడో పాత సామాన్ల బండి ఎక్కి ఉంటుంది.

ఆ చెక్క ఏ రకమో మీరే చూడవచ్చు, నిపుణుడు రానక్కరలేదు. సింకు కింది అర ఖాళీ చేసి, టార్చి వేసి, నీళ్ళ గొట్టం పోవడానికి పలకకు పెట్టిన కంతను చూడండి. పలక రెండు ముఖాల మీదా లామినేట్ ఉంటుంది గానీ, కంత అంచుకు సాధారణంగా ఏమీ అతికించరు. ప్లైవుడ్ అయితే మూసిన పుస్తకం అంచులా పొర మీద పొర కనిపిస్తుంది. పార్టికల్ బోర్డు అయితే చెక్క పేళ్ళూ పొట్టూ కలిపి అదిమినట్టు ఉంటుంది, తడిసిన చోట గోటితో గీరితే రాలుతుంది. చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్‌లో పొరలూ పేళ్ళూ ఏవీ కనిపించవు, దళసరి అట్టలా ఉంటుంది. షట్టరుకు మడతబందు కూర్చునే 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటలోనూ ఇదే పరీక్ష చేయవచ్చు. రెండు మరలు విప్పితే చాలు, లోపలి సరుకు తెలిసిపోతుంది.

పొరలు కనిపించకపోతే మీ కేసు సగం అక్కడే నిలబడినట్టు. బీడబ్ల్యూఆర్ అంటే మరిగే నీటిని తట్టుకునే ప్లైవుడ్, భారతీయ ప్రమాణాలలో అది ఐఎస్ 303 కిందికి వస్తుంది. కాగితం మీద అది రాసి, గోడకు ఇంకొకటి బిగించడం మాట తప్పడమే. దీనికి మళ్ళీ వాదన అక్కరలేదు. ‘మీరే నీళ్ళు పోశారు, అందుకే ఉబ్బింది’ అని ఆయన అనవచ్చు. వంటగదిలో సింకు కింద నీళ్ళు తగలవా? పైగా క్యాబినెట్ చేసినవారే సింకునూ గొట్టాన్నీ అమర్చారు. వడ్రంగి ప్లంబరు మీదా, ప్లంబరు వడ్రంగి మీదా నెట్టుకునే వీలు ఆ కొటేషన్‌లో లేదు. రెండు పనులకూ సంతకం ఒక్కరిదే.

కాబట్టి ఈ వారం పని ఇది. గది మొత్తం వీడియో ఒకే బిగిన, మధ్యలో ఆపకుండా తీయండి. ఉబ్బిన చోట టేపు ఆనించి దగ్గరనుంచి ఫొటోలు తీయండి. రాలిన ముక్కలను కవరులో వేసి తేదీ రాసి ఉంచండి. ఆ తరువాత కాంట్రాక్టరుకు ఒక తేదీ, సమయం రాసి పంపి, వచ్చి చూసుకోమనండి. వస్తే మంచిది. రాకపోయినా, తన వెనుక మీరు ఏదో చేశారని రేపు ఆయన అనలేరు. అదే రోజు సంబంధంలేని ఇంకొక కాంట్రాక్టరునో, సివిల్ ఇంజినీరునో పిలిచి సంతకంతో రెండు అంచనాలు విడివిడిగా రాయించుకోండి: పాడైనది బాగు చేయడానికి ఎంత, మిగిలిన పని పూర్తి చేయడానికి ఎంత. రెండూ కలిపి ఒకే అంకె వేస్తే దేనికి ఎంత నష్టమో రేపు వినియోగదారుల కమిషన్‌కు తేల్చడం కష్టమవుతుంది.

ఇవన్నీ అయ్యాక బాగు చేయించుకోండి, కేసు తేలేదాకా విరిగిన వంటగదితో కాపురం చేయమని నేను చెప్పడం లేదు. నిజానికి చట్టం కూడా అలా చెప్పదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద మాట తప్పినవారినుంచి నష్టపరిహారం వస్తుంది. కానీ ఆ నష్టాన్ని తగ్గించుకునే మార్గం మీ చేతిలో ఉండిందా అని కూడా చూడాలని ఆ సెక్షన్ వివరణే చెబుతుంది. ఏడాదిపాటు బయటినుంచి భోజనం తెప్పించుకుని ఆ బిల్లులన్నీ జత చేస్తే, కొన్ని వారాలవి ఇస్తారేమో గానీ ఏడాదివి ఇవ్వరు. తీసిన పలకల్లో కనీసం రెండు మూడు మాత్రం పారేయకుండా అట్టే పెట్టండి. చట్టం ప్రకారం కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపవచ్చు. పంపడానికి నమూనా అంటూ ఉండాలి కదా.

ఇక డబ్బు సంగతి. చివరి 20 శాతం పని అప్పగించాకనే అని కాగితం మీద ఉన్నప్పుడు వరుస ఖరారయినట్టే. ముందు ఆయన పని, తరువాత మీ చెల్లింపు. కాంట్రాక్టు చట్టం 52, 54 సెక్షన్లు చెప్పేది ఇదే. ముందు చేయవలసినవారు చేయకుండా వెనుక రావలసినదాన్ని అడగలేరు, పైగా జరిగిన నష్టానికి బాధ్యత వహించాలి. కాబట్టి ఇప్పుడు ఇవ్వనక్కరలేదు. ఒక్క జాగ్రత్త: ఎక్కడా ‘ఇవ్వను’ అని రాయకండి, అనకండి. ‘కొటేషన్ ప్రకారం పని పూర్తి చేసి అప్పగించిన రోజున ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను’ అని రాయండి. మొదటి మాటతో ఒప్పందం ఎగవేసింది మీరే అవుతారు, రెండో మాటతో ఆయన అవుతారు.

ఊడదీసుకుపోతాననడం ఒట్టి బెదిరింపు. డబ్బు తీసుకుని మీ ఇంటి గోడకు బిగించినదాన్ని మీ అనుమతి లేకుండా లోపలికి వచ్చి తీసుకుపోవడం నేరం కిందికి వస్తుంది. అలా బలవంతంగా వస్తే అప్పుడు పోలీసులకు ఫోను చేయండి. అలాగే మీవైపునుంచీ ఒక తప్పు జరగకూడదు. పనివాళ్ళ కటింగ్ మెషినో, నిచ్చెనో, డ్రిల్లో ఇంట్లో ఉండిపోతే, డబ్బు తేలేదాకా ఇవ్వమని పట్టుకుని కూర్చోకండి. అడ్డం తిరిగే ఫిర్యాదు అక్కడే పుడుతుంది. జాబితా రాసి, సంతకం పెట్టించుకుని ఇచ్చేయండి.

మీ తమ్ముడుగారి 420 గురించి. ఆ అంకె మన నోట మిగిలింది గానీ, 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి మారింది, మోసం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్‌లో ఉంది. అంకె ఏదైనా సూత్రం ఒకటే. మాట ఇచ్చే సమయానికే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. తరువాత మాట తప్పినంత మాత్రాన చీటింగ్ కాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. ఐదు నెలలుగా ఎంతో కొంత పని చేసిన మనిషి మీద ఆ ఉద్దేశం రుజువు చేయడం తేలిక కాదు. దొంగ బిల్లు చూపి ప్లైవుడ్ అని నమ్మించినట్టు ఆధారం దొరికితే అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం. స్టేషనులో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించినా మీకు కావలసింది డబ్బు, లేదా పూర్తయిన వంటగది. వాటిని ఇప్పించే చోటు వేరే ఉంది.

అది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలు దాటకపోతే అక్కడికే వెళ్ళాలి. 5 లక్షల దాకా ఫీజు అసలు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కాంట్రాక్టరు ఆఫీసు ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తనక్కరలేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవాలన్న నియమమూ లేదు. (ఈ మాట రాస్తున్నందుకు మా బార్ రూములో నా మీద జోకులు పడతాయి.) గడువు రెండేళ్ళు. నోటీసు అందాక అవతలివారు 30 రోజులలో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇంకొక 15 రోజులు ఇవ్వవచ్చు. అంతకు మించి ఇవ్వడానికి వీలులేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మూడు నెలలలో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలలలో తీర్పు రావాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంతకన్నా ఎక్కువే పడుతుంది, అందుకు సిద్ధపడే దిగండి.

కొటేషన్ వెనుక చిన్న అక్షరాలలో ‘వివాదాలు ఆర్బిట్రేషన్‌కే’ (అంటే మధ్యవర్తి తీర్పుకే) అని ఉందేమో చూడండి. ఉన్నా భయం లేదు. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డు కాదని 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఆలస్యానికి మా బాధ్యత లేదు’ అని ఉంటే మాత్రం దాన్ని అన్యాయపు ఒప్పందంగా ప్రకటించమని కోరాలని చాలామందికి ఉబలాటం పుడుతుంది. ఆ కోరిక జిల్లా కమిషన్ తీర్చలేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. మీకు ఆ దారి అనవసరం. సేవాలోపం, రాసిన సరుకు వాడకపోవడం, ఈ రెండింటి మీదే నిలబడండి.

బిల్లు లేదన్న దిగులు వద్దు. బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో పెట్టింది, ఆ తప్పు ఆయనది. పన్ను మిగులుతుందని మీరూ తల ఊపారు కాబట్టి కమిషన్‌లో ఒకటి రెండు ఇబ్బందికరమైన ప్రశ్నలు ఎదురవుతాయి, అంతే. యూపీఐ చెల్లింపులకు బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. నగదుకే చిక్కు. ఏ తేదీన ఎంత ఇచ్చారో గుర్తు తెచ్చుకుని, ఆ ముందు రోజులలో బ్యాంకునుంచి తీసినట్టు ఉందా, ‘అందింది’ అని ఆయన వాట్సాప్‌లో పెట్టారా వెతకండి. ఆ చాట్‌ను తుడిచేయకండి, కేసు తేలేదాకా ఆ ఫోనును అమ్మకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. దానిలో ఒక భాగం మీరు, ఇంకొక భాగం నిపుణుడు నింపాలి.

కింది ఫ్లాటువారి మాట మరచిపోయాననుకోకండి, నిజానికి అందరికన్నా ముందు తేల్చవలసింది వారి సంగతే. వారికి మీ కాంట్రాక్టరుతో పని లేదు. మీ ఇంట్లోనుంచి నీరు దిగుతోందని తెలిసిన తరువాత కూడా ఆపకపోతే బాధ్యత మీ మీద పడుతుంది. సింకు వాడకం ఈరోజే ఆపండి. గొట్టం అతుకు విప్పేముందు ఫొటో తీసి, ప్లంబరుతో బాగు చేయించి, రసీదు తీసుకోండి. వారి పైకప్పు మరమ్మతుకు మీరు ఇచ్చేదానికీ రసీదు తీసుకోండి, ఆ మొత్తాన్ని మీ ఫిర్యాదులో కలుపుదాం. సింకు జరపడానికి గోడను గానీ దూలాన్ని గానీ చెక్కారేమో కూడా కనుక్కోండి. అదే జరిగి ఉంటే అపార్ట్‌మెంట్ సంఘం మీకే నోటీసు ఇస్తుంది.

ఇంకా పని మొదలుపెట్టనివారు ఒక్క సంగతి గమనించండి. చివరి విడత పది శాతమైనా సరే, అప్పగించిన రోజున కాకుండా నెల రోజుల వాడకం తరువాత అని రాయించుకోండి. అప్పగించే రోజున సింకును అంచుదాకా నింపి, ఒక్కసారిగా మూత తీసి, కింద అతుకుల చుట్టూ పొడి కాగితం పెట్టి చూడండి. పల్చటి ధారకు కారని అతుకు నిండు సింకు ఖాళీ అయ్యే ఒత్తిడికి కారుతుంది.

లీగల్ నోటీసు తప్పనిసరి కాదు, అయినా 15 రోజుల గడువుతో ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి. చాలా తగాదాలు అక్కడే రాజీకి వస్తాయి. అంతకు ముందు ఈ రాత్రే ఆయనకు వాట్సాప్‌లో ఇది పెట్టండి:

‘కొటేషన్ ప్రకారం 45 రోజులలో పూర్తి కావలసిన పని నేటికీ పూర్తి కాలేదు. సింకు కింది క్యాబినెట్ ఉబ్బింది. గొట్టం కారి కింది ఫ్లాటు పైకప్పు తడుస్తోంది. శనివారం ఉదయం పది గంటలకు వచ్చి చూసి, ఎప్పటికి బాగు చేసి పూర్తి చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. అప్పగించిన రోజున మిగతా 20 శాతం చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. మీరు రాకపోతే వేరేవారితో బాగు చేయించి ఆ ఖర్చు మీనుంచి రాబట్టుకుంటాను. మీ పనివాళ్ళ సామాను ఏదైనా ఉంటే అప్పుడే తీసుకువెళ్ళవచ్చు.’