ఫోరెన్సిక్ ల్యాబ్‌లో సీటు వచ్చిందా? ఆఫర్ లెటర్ ఇంకోసారి చదవండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను. సెప్టెంబర్‌లో కెనడాలోని వాంకూవర్ వస్తున్నాను. ఫోరెన్సిక్, పర్సనాలిటీ సైకాలజీ ల్యాబ్‌లో సీటు వచ్చింది. నేరస్తులతో పని అని అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. చదువయ్యాక సైకాలజిస్టుగా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. మొదట్లో మీకు ఎదురయ్యేది చాలావరకు డిగ్రీ పిల్లలే. కోర్సులో మార్కులు కలుస్తాయని వచ్చి, ప్రశ్నలకు జవాబులు నింపి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఖైదీల ఫైళ్లు. మనుషుల దాకా వెళ్లడానికి చాలా టైమ్ పడుతుంది.

అసలు సంగతి మీ రెండో ప్రశ్నలో ఉంది. ల్యాబ్ పేరు చూసి మురిసిపోకుండా సీటు ఏ ప్రోగ్రాంలో వచ్చిందో చూడండి. ఒకే ప్రొఫెసర్ దగ్గర, పక్కపక్క కుర్చీల్లో పనిచేసే ఇద్దరిలో క్లినికల్ ప్రోగ్రాంలో ఉన్నవారికి లైసెన్స్ దారి ఉంటుంది, రీసెర్చ్ ప్రోగ్రాంలో ఉన్నవారికి ఉండదు. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో సైకాలజిస్టుగా బోర్డు పెట్టాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. దానికి డాక్టరేట్‌తో పాటు పేషెంట్లతో పర్యవేక్షణలో చేసిన శిక్షణ అడుగుతారు. మన దగ్గర ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ లేకుండా క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోలేం కదా, ఇదీ అంతే. చేరాక మారొచ్చులే అని ఎవరైనా అంటే నమ్మకండి. క్లినికల్ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, మళ్లీ మొదటి నుంచి అప్లై చేయాలి. ప్రాక్టీసే మీ కోరిక అయితే ఫ్లైట్ ఎక్కకముందే ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి సూటిగా అడగండి. ఇక్కడ దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు.

పరిశోధనే ఇష్టమైతే మాత్రం ఇంతకన్నా మంచి ఊరు దొరకడం కష్టం. సైకోపతీని, అంటే జాలి, పశ్చాత్తాపం లేని మనస్తత్వాన్ని కొలిచే పీసీఎల్-ఆర్ అనే పరీక్షను తయారుచేసిన రాబర్ట్ హేర్ ఇక్కడి యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా)లో ప్రొఫెసర్‌గా పనిచేసినవారే. 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1, 2, మొత్తం 40. మామూలుగా 30 నుంచి సైకోపతీగా లెక్కేస్తారు. హింసకు పాల్పడే ముప్పును అంచనా వేసే హెచ్‌సీఆర్-20 పక్కనే బర్నబీలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో పుట్టింది.

పని ఎలా ఉంటుందంటే, ఒకే ఫైలును ఇద్దరు విడివిడిగా చదివి స్కోరు వేస్తారు. పశ్చాత్తాపం లేకపోవడం అనే అంశం ఉందనుకోండి. కోర్టులో ఏడ్చాడని ఒక పేజీలో ఉంటుంది. నాలుగు పేజీల తర్వాత, దెబ్బలు తిన్నవాడిదే తప్పని అధికారితో అన్నట్టు ఉంటుంది. మీరు 1 వేస్తారు, అవతలివాళ్లు 2 వేస్తారు. ఇద్దరి స్కోర్లు ఎంతవరకు కలుస్తున్నాయో లెక్కగట్టాకే ఆ డేటాకు విలువ. సీనియర్ 2 వేశాడని మీరూ 2 చేయకండి, ఎందుకు 1 వేశారో చెప్పండి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అన్నట్టు పీసీఎల్-ఆర్ మాన్యువల్‌కు కాపీరైట్ ఉంది. ఇంటి దగ్గర ఫ్రెండ్స్ పీడీఎఫ్ అడుగుతారు, పంపకండి.

పర్సనాలిటీ వైపు పని ఇంకో రకం. ఆత్మారాధన, కుటిలత్వం, సైకోపతీ మూడింటినీ కలిపి 2002లో 'డార్క్ ట్రయాడ్' అన్న పౌలస్, విలియమ్స్ కూడా యూబీసీ వాళ్లే. ఎదుటివాళ్ల బాధలో ఆనందం పొందే గుణం (శాడిజం) మీద 2013లో పౌలస్ బృందం చేసిన ప్రయోగం చూడండి. పురుగుల్ని చంపడం, చంపేవాళ్లకు సాయం చేయడం, టాయిలెట్ కడగడం, ఐసు నీళ్లలో చెయ్యి పెట్టడం. వీటిలో ఒకటి ఎంచుకోమన్నారు. కాఫీ గ్రైండర్‌ను మార్చి చేసిన మెషీన్, చిన్న కప్పుల్లో మఫిన్, ఐక్, టూట్సీ అని పేర్లు రాసిన మూడు పురుగులు. నిజానికి ఏదీ చావలేదు, మెషీన్‌లో అడ్డు పెట్టారు. ఇలాంటిది చేయాలన్నా ఎథిక్స్ బోర్డు అనుమతి కావాలి. పరిశోధన ఎథిక్స్ నేర్పే టీసీపీఎస్ 2 కోర్ అనే కెనడా ఆన్‌లైన్ ట్యుటోరియల్ ఉచితం, వచ్చేలోపే పూర్తిచేసి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

నార్కో, పాలిగ్రాఫ్ నేర్చుకోవచ్చని ఆశపడితే వదిలేయండి. పాలిగ్రాఫ్ ఫలితం సాక్ష్యంగా చెల్లదని కెనడా సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వీ కేసులో, మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్షలు చేయకూడదంది. దానికన్నా కెనడా సుప్రీంకోర్టు 2018లో ఎవర్ట్ అనే ఖైదీ కేసులో ఇచ్చిన తీర్పు చదవండి. పీసీఎల్-ఆర్ లాంటి పరీక్షలు మూలవాసీ ఖైదీల విషయంలో సరిగ్గా పనిచేస్తాయో లేదో జైళ్ల శాఖ తగినంతగా చూసుకోలేదని కోర్టు తప్పుపట్టింది. మరి ఇక్కడి స్కోర్లు మన తెలుగు ఖైదీలకు సరిపోతాయా? థీసిస్‌కు అంతకన్నా మంచి ప్రశ్న నాకు తోచడం లేదు.

కొన్ని ఫైళ్లలో పిల్లల మీద జరిగిన ఘోరాలు ఉంటాయి. నిద్ర పట్టకపోతే సూపర్‌వైజర్‌కి చెప్పండి, పని మారుస్తారు. రూమ్మేట్లతో మాత్రం ఆ వివరాలు మాట్లాడొద్దు, పేర్లు తీసేసి కూడా. ఇక సంక్రాంతి భోజనాల్లో "నేను సైకోనా, చెప్పమ్మా" అని అడిగే అంకుల్ ఒకరు గ్యారంటీ. నవ్వేసి పులిహోర వడ్డించుకోండి.

బయల్దేరే ముందు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. జైలుకో, కోక్విట్లమ్‌లోని ఫోరెన్సిక్ ఆసుపత్రికో వెళ్లే ప్రాజెక్ట్ వస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పదు. ఇక్కడికొచ్చాక అదే కాగితం కోసం కాన్సులేట్ చుట్టూ తిరగాలి.